రెడ్ హిల్స్ దారిలో అమ్మీతో ఎనిమిది ప్రయాణాలు

హైదరాబాదు నగరంలో నాంపల్లి రైల్వే స్టేషనుకూ లక్డీకాపూల్‌కూ నడుమనున్న మిట్ట ప్రాంతాన్ని రెడ్ హిల్స్ అంటారు. పేరులో కొండలున్నా ఇప్పుడక్కడ కంటికి కనబడేవి ఇళ్ళు, మందుల దుకాణాలు, చాయ్ హోటళ్ళు, వాటి మధ్య రెండు పెద్ద ఆసుపత్రులు. ఒకటి నిలోఫర్. తుర్కీ ఉస్మానీ రాజవంశానికి చెంది, ఏడవ నిజాం కుమారుడు మొఅజ్జమ్ జాహ్ భార్యగా ఈ నగరానికి వచ్చిన నిలోఫర్ బేగం, తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించడం చూసి తల్లడిల్లారనీ, తల్లీబిడ్డల కోసం వెలసిన ఈ ఆసుపత్రి ఆ వేదన నుంచే పుట్టిందనీ నగరవాసులు నేటికీ చెప్పుకుంటారు. రెండవది క్యాన్సర్ ఆసుపత్రి. 1955లో ప్రారంభమైన ఈ సంస్థ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తోంది. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరైన వ్యక్తి ఆయన. అంత పొడుగు పేరు పలికే ఓపిక రోగులకు ఉండదు గనుక అందరికీ అది ఎం.ఎన్.జె.

ఈ వీధుల్లో నడిచేవారిని చూస్తే ఎవరు ఎందుకు వచ్చారో అడగనక్కరలేదు. చంకలో పెద్ద ఎక్స్‌రే కవరు, చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన చాప. ఆదిలాబాదు వారు, ఖమ్మం వారు, రాయచూరు వైపు నుంచి వచ్చినవారు ఒకే గోడ నీడన కూర్చుని ఒకరి ఫైలు ఒకరికి చూపించుకుంటారు. తలకు గుడ్డ కట్టుకున్న స్త్రీలలో ఎవరు ముస్లిములో ఎవరు కారో ఇక్కడ గుర్తుపట్టడం కష్టం. జుట్టు రాలిపోయిన తరువాత అందరూ తల కప్పుకునేవారే.

మాది మహబూబ్‌నగర్. మా అమ్మీకి రొమ్ము క్యాన్సర్ అని నిర్ధారణ అయింది. ఆపరేషనుకు ముందు ఎనిమిది విడతలు కీమో ఎక్కించాలని వైద్యులు నిర్ణయించారు. విడతకూ విడతకూ మధ్య 21 రోజులు. ఆ విధంగా జనవరి చలిలో మొదలైన మా ప్రయాణాలు జూన్ నెల తొలి వానల దాకా సాగాయి. మేమంటే ఆమె ముగ్గురు సంతానం, ఆమె కోడలు. ఇద్దరం వెంట వెళ్ళేవాళ్ళం, ఇద్దరం ఇల్లు చూసుకునేవాళ్ళం.

ఫజ్ర్ నమాజు చేసుకుని బస్సెక్కితే జడ్చర్ల వద్ద 44వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. బాలానగర్, షాద్‌నగర్, శంషాబాద్ దాటి మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగి, అక్కడ మెట్రో ఎక్కితే మూడవ స్టేషను నాంపల్లి. మొత్తం మీద దాదాపు 100 కిలోమీటర్లు. షరీఅతు దృష్టిలో ఇది ప్రయాణమే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండు రకాతులుగా చేసుకోవలసిన దూరమే. కానీ మొదటిసారి జుహ్ర్ వేళ అమ్మీకి మనసొప్పలేదు. “బస్సులో కూర్చునే వచ్చాను. నేను పడిన కష్టమేముంది, నమాజు తగ్గించుకోవడానికి?” అన్నారు.

అప్పుడు భాయ్ ఆమెకు ఒక హదీసు గుర్తు చేశాడు. శత్రుభయం తొలగిపోయిన తరువాత కూడా ప్రయాణంలో నమాజు తగ్గించడమేమిటని హజ్రత్ ఉమర్ (రజి)కి సందేహం కలిగింది. ఆయన అదే ప్రశ్న దైవప్రవక్త (స)ను అడిగారు. ఇది అల్లాహ్ మీకు చేసిన దానమనీ, దానాన్ని స్వీకరించాలనీ ప్రవక్త (స) బోధించారు. అమ్మీ కాసేపు ఊరుకున్నారు. తరువాత రెండు రకాతులే చేశారు.

ఆ రోజు అది చిన్న విషయంగానే తోచింది. దివ్య ఖుర్ఆన్ రోజాల గురించి చెప్పిన చోట (అల్ బఖరా 184, 185) రోగినీ ప్రయాణికుణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టింది. తయమ్ముమ్ గురించి చెప్పిన చోట కూడా (అన్ నిసా 43, అల్ మాయిదా 6) ఆ ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. మా అమ్మీ ఆ ఆరు నెలలూ రోగి, ప్రయాణికురాలు కూడా. ప్రయాణికురాలికి దొరికిన సౌలభ్యాన్ని ఒక పూటలో స్వీకరించారు. రోగికి దొరికిన సౌలభ్యాన్ని స్వీకరించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మొదటి నాలుగు విడతలలో ఎక్కించే మందుల్లో ఒకటి డాక్సోరుబిసిన్. గులాబీ షర్బతు రంగులో ఉంటుంది. వార్డులో అందరూ దాన్ని ఎర్రమందు అంటారు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుందనీ, అది రక్తం కాదు, మందు రంగేననీ, కంగారు పడవద్దనీ సిస్టర్ ముందే చెప్పారు. నీళ్ళు బాగా తాగించమన్నారు. రెండు రోజుల పాటు వాంతి, మలమూత్రాలు అంటిన బట్టలను చేతులకు గ్లౌజులు తొడుక్కుని విడిగా ఉతకమన్నారు. మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు పోయమన్నారు. ఆ మందు ఒంట్లో నుంచి బయటికి పోయేది ఆ దారులలోనే గదా.

ఒక వైద్యురాలు మాకు ఓపికగా అర్థం చేయించారు. శరీరంలో వేగంగా విభజన చెందే కణాలను కీమో మందు వెతికి దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణం అలాంటిదే. అయితే వెంట్రుక మొదలు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మూలుగలో రక్తం తయారయ్యే చోటు కూడా అలాంటివే. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, కడుపు తిప్పుతుంది, తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. ఈ నాలుగు మాటలు అర్థమైన తరువాత మాకు సగం భయం తీరింది. అమ్మీకి జరుగుతున్నది శాపం కాదు, దిష్టి కాదు. మందు పనిచేసే తీరే అది.

వెళ్ళేటప్పుడు బస్సు, తిరిగి వచ్చేటప్పుడు అద్దె కారు. ఒడిలో ప్లాస్టిక్ కవరు, చేతిలో నిమ్మకాయ. మొదటి అయిదు రోజులు వికారానివి. వాంతి మాత్ర వాంతి వచ్చిన తరువాత కాకుండా, వైద్యులు చెప్పిన వేళకు ముందుగానే వేయాలి. వేడి అన్నం వాసన ఆమెకు పడేది కాదు, చల్లారితే రెండు ముద్దలు దిగేది. స్టీలు చెంచా నోట పెడితే ఇనుము రుచి అనేవారు, చెక్క చెంచా తెచ్చాం. రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాం. తల్బీనా అనే బార్లీ గంజి రోగి మనసుకు ఊరట అని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరింది. పాలమూరు ఇళ్ళలో జొన్న జావ ఉండనే ఉంది. ఒకరోజు అది, ఒకరోజు ఇది. నోరు పూసిన రోజుల్లో ఆ రెండే గొంతు దిగాయి. ఉప్పు, కాస్త వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించేవారు. మిస్వాక్ అలవాటున్న మనిషి. చిగుళ్ళు చిట్లకుండా ఆ కొద్ది నెలలు మెత్తని బ్రష్షు వాడమని వైద్యులు చెబితే సరేనన్నారు.

పదిహేడవ రోజున జుట్టు రావడం మొదలైంది. ప్రతి జుమాకు మెహందీ పెట్టుకునే జుట్టు అది. దువ్వెనకు ఎర్రటి పాయలు పాయలుగా వచ్చింది. అమ్మీ ఏడవలేదు. రాలిన జుట్టంతా ఒక పాత ఓణీలో మూటగట్టి, పెరట్లో మల్లెపాదు దగ్గర పాతిపెట్టమన్నారు. మిగిలినది ఆపా కత్తెరతో తీసివేసి, రాత్రి నిద్రలో తల ఒరుసుకోకుండా మెత్తని నూలుగుడ్డ టోపీ కుట్టింది.

ఏడవ రోజు నుంచి పద్నాలుగవ రోజు వరకు బయటికి ఏ బాధా కనబడదు. వికారం తగ్గుతుంది, మనిషి లేచి తిరుగుతుంది. లోపల మాత్రం తెల్ల రక్తకణాలు అట్టడుగుకు చేరేది ఆ రోజుల్లోనే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది పగలైనా రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలనీ, పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోరాదనీ మాకిచ్చిన కాగితంలో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాం.

రెండవ విడత తరువాత తొమ్మిదవ రోజు. ఫజ్ర్‌కు లేచిన భాభీ, అమ్మీ గదిలో దీపం చూసి తొంగిచూసింది. జానమాజు మీద కూర్చుని నమాజు చేస్తున్నారు. మీద రెండు దుప్పట్లు. సలాం తిప్పేటప్పుడు పళ్ళు కటకటలాడుతున్నాయి. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరులో 102. ఎప్పటి నుంచి అని అడిగితే, “ఇషా అయినప్పటి నుంచి కాస్త వెచ్చగా ఉంది బేటీ. పగలంతా చాకిరీ చేసి పడుకున్నారు, మిమ్మల్ని లేపడమెందుకని సబర్ చేశాను” అన్నారు.

గంటలోపు మా ఊరిలోనే ఒక ఆసుపత్రిలో చేర్పించి, రెడ్ హిల్స్ వైద్యులతో ఫోనులో మాట్లాడించాం. పరీక్షలో రోగనిరోధక కణాలు ఉండవలసిన దానిలో మూడో వంతు కూడా లేవు. అయిదు రోజులు సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని అక్కడి వైద్యుడు చెప్పారు. అల్లాహ్ దయ, భాభీ ఆ వేళకు లేవడం.

ఆమెను కోప్పడే అధికారం మాకు లేదు. తల్లిదండ్రుల ముందు విసుగుతో “ఉఫ్” అని కూడా అనవద్దని అల్లాహ్ ఆదేశం. కానీ ఇంకా ఆరు విడతలున్నాయి. ఆమె ప్రతి రాత్రీ ఇలాగే సబర్ చేస్తే ఏం గతి?

ఇంటికి వచ్చిన తరువాత మా మొహల్లా ఇమాం సాహెబ్ పరామర్శకు వచ్చారు. లోపలికి రాకుండా వరండాలోనే కూర్చున్నారు. గడప అవతల తెర వెనుక అమ్మీ. రమజాను దగ్గర పడుతోంది. మూడవ విడత, నాలుగవ విడత రెండూ ఆ నెలలోనే. అమ్మీ అడగదలచింది ఒకటే. “పన్నెండేళ్ళ వయసు నుంచి రోజా వదలలేదు, మౌలానా సాబ్. ఈ మాత్రం నొప్పి ఓర్చుకుని ఉండకూడదా?”

ఇమాం సాహెబ్ ఆమెకు ఒక సంఘటన చెప్పారు. దైవప్రవక్త (స) కాలంలో కొందరు ప్రయాణంలో ఉండగా ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు స్నానం విధి అయ్యే స్థితి కలిగింది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగారు. నీళ్ళున్నాయి గనుక నీకు ఆ వెసులుబాటు లేదని వారన్నారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. సంగతి తెలిసి ప్రవక్త (స) వారి మీద తీవ్రంగా ఆగ్రహించారు. ఆయన ప్రాణం తీసింది వారేనన్నారు. తెలియనప్పుడు అడగవలసిందని, అజ్ఞానమనే రోగానికి అడగడమే మందని బోధించారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

“వైద్యులు రోజా వద్దన్న తరువాత కూడా మీరు ఉంటానంటే, అమ్మా, ఆ గాయం మీద నీళ్ళు పోసుకుంటానన్నట్టే” అన్నారు ఇమాం సాహెబ్. “కోలుకునే ఆశ ఉన్న రోగి ఆ రోజాలను ఆరోగ్యం కుదిరాక ఖజా చేస్తే చాలు. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా. మీకు వైద్యులు ఆశ ఉందంటున్నారు. అందుకని ఇప్పుడు తినండి, మందు వేసుకోండి. ఖజాకు అల్లాహ్ ఆయుష్షు ఇస్తాడని ఆశించండి.”

తెర వెనుక నుంచి చాలాసేపు శబ్దం లేదు. తరువాత అమ్మీ రెండో ప్రశ్న అడిగారు. “జ్వరం సంగతి పిల్లలకు చెప్పుకుంటే అది ఫిర్యాదు కాదా? సబర్ పోదా?”

“ప్రవక్త అయ్యూబ్ (అలైహిస్సలాం) సబర్‌కు పేరుపడ్డవారు. ఆయనే తనకు బాధ కలిగిందని తన ప్రభువుకు మొరపెట్టుకున్నారని సూరా అల్ అంబియాలో ఉంది. ఆయన సబర్ ఏమైనా తగ్గిందా? విధిని నిందించడం ఫిర్యాదు. ఒంట్లో ఏముందో మందిచ్చేవారికి చెప్పడం చికిత్స. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స)యే” అని ఆయన లేచారు. చాయ్ కూడా తాగలేదు. రోగి ఉన్న ఇంట ఎక్కువసేపు కూర్చోరాదని ఆయన పద్ధతి.

ఆ పద్ధతి మాకెంతో మేలు చేసింది. పరామర్శ ముస్లిముపై ముస్లిముకున్న హక్కు. మా బంధువర్గం పెద్దది. ఏడు నుంచి పద్నాలుగవ రోజు వరకు ఎవరైనా వస్తే వరండాలోనే సలాములు, దుఆలు. జలుబు, దగ్గు ఉన్నవారు ఫోనులో మాట్లాడేవారు. ఎవరూ నొచ్చుకోలేదు. కొందరు కలోంజీ, ఇంకేవో మూలికలు తెచ్చి ఇచ్చారు. వాటిని ప్రేమతో తీసుకుని, వైద్యులను అడిగే వరకు పక్కన పెట్టాం. కొన్ని మూలికలు కీమో మందుతో పొసగవని వారన్నారు.

రమజానులో అమ్మీ సహరీకి లేచేవారు. మా కోసం కూర్చుని, మేము నియ్యతు చేసుకుంటుంటే చూసేవారు. పగలు జావ తాగేటప్పుడు మొదటి రెండు రోజులు గోడవైపు తిరిగి తాగారు. మూడవనాడు మా చిన్నారి మేనకోడలు ఎదురుగా కూర్చుని, “నానీ, మీది అల్లాహ్ ఇచ్చిన సెలవు కదా” అంది. అమ్మీ నవ్వి ఇటు తిరిగారు.

ఆ నెలలోనే రెడ్ హిల్స్ ఆసుపత్రికి వెళ్ళిన రోజున, అమ్మీకి మందు ఎక్కుతుండగా మాలో ఒకరం జుహ్ర్ నమాజుకు పబ్లిక్ గార్డెన్స్‌లోని షాహీ మసీదుకు నడిచి వెళ్ళాం. ఏడవ నిజాం కాలపు మసీదు. చుట్టూ పెద్ద చెట్లు. నమాజు ముగిశాక వరుసల్లో చూస్తే మోకాళ్ళ దగ్గర ఆసుపత్రి ఫైళ్ళు పెట్టుకున్నవారు అయిదారుగురు. ఎవరి దుఆ ఎవరి కోసమో మేము అడగలేదు. చేతులు మాత్రం అందరివీ ఎత్తే ఉన్నాయి.

అయిదవ విడత నుంచి మందు మారింది. పాక్లిటాక్సెల్. వాంతులు తగ్గాయి గాని, చేతివేళ్ళు, కాలివేళ్ళు తిమ్మిరెక్కేవి. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. చొక్కా బొత్తాము పట్టు దొరికేది కాదు. అమ్మీ తస్బీహును వేలి కణుపుల మీద లెక్కించే అలవాటున్నవారు. బొటనవేలు ఏ కణుపు మీద ఉందో తెలియక లెక్క తప్పేది. అదైనా వెంటనే చెప్పారు. వైద్యులు ఆ వివరం రాసుకుని మందు మోతాదు కాస్త తగ్గించారు. చెప్పకపోయి ఉంటే ఆ తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదముందట. లెక్క కోసం మేనకోడలు తన చేయి చాచేది. ఆ చిన్న వేళ్ళను కళ్ళతో చూసుకుంటూ అమ్మీ ఒక్కో కణుపు మీద వేలు పెట్టి జిక్ర్ చేసేవారు. నాలుగు నెలల కాలంలో ఆ అమ్మాయికి తస్బీహాతె ఫాతిమా లెక్కతో సహా వచ్చేసింది.

నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నప్పుడు ఇమాం సాహెబ్‌ను అడిగి తయమ్ముమ్ చేశారు. నిలబడలేనప్పుడు కూర్చుని, కూర్చోలేనప్పుడు పడుకుని నమాజు చేశారు. రోగంతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి ప్రవక్త (స) నేర్పిన వరుస ఇదేనని బుఖారీలో ఉంది. ఒక్క పూట నమాజు తప్పలేదు. తప్పనివ్వకుండా కాపాడింది ఆ సౌలభ్యాలే.

ఎనిమిదవ విడత జూన్‌లో ముగిసింది. ఆపరేషను జరిగింది. తల మీద కొత్త జుట్టు తెల్లగా, ఉంగరాలుగా వచ్చింది. శీతకాలం పగళ్ళు చిన్నవయ్యాక, వైద్యుల అనుమతితో, వారానికి రెండు చొప్పున ఖజా రోజాలు మొదలుపెట్టారు. వంటింటి గోడ మీది క్యాలెండరులో ఒక్కో రోజా దగ్గర ఒక్కో గీత. ఈ వ్యాసం రాసేనాటికి పదకొండు గీతలున్నాయి. ఇంకా పందొమ్మిది మిగిలాయి.

థర్మామీటరు ఇప్పటికీ ఆమె జానమాజు పక్కనే ఉంటుంది. దాని అవసరం తీరిందని మేము తీసివేయబోతే వద్దన్నారు. కీమోకు వెళుతున్న పక్క వీధి స్త్రీ ఒకరు ఈ మధ్య పరామర్శకు వస్తే, ఆమె చేతిలో అది పెట్టి, ఎలా చూడాలో నేర్పించి, “రాత్రి రెండు గంటలకైనా సరే, నూరు దాటితే పిల్లల్ని లేపు. అది కూడా సబరే” అని చెప్పి పంపారు. మరునాడు మేము అమ్మీకి ఇంకొకటి కొనితెచ్చాం.